నలభై రోజుల బెల్లం

యాసీన్‌కు దమ్మాం పని ఖాయమైన నాటి సంది అస్మా ఒక్కటే పని పెట్టుకున్నది. పొద్దుగాల లేవంగనే మొగని చేతుల ఒక బెల్లంముక్క, పొద్దుమీకి పని దిగి రాంగనే ఇంకొక ముక్క. చిన్న ముక్క గాదు, నిమ్మకాయంత. తిన్నంక ఉడుకునీళ్ళు తాగియ్యాలె, తాగినంక దుప్పటి కప్పి ఆవిరి పట్టియ్యాలె. గిట్ల నలభై రోజులు. నలభై అయినంక హైదరాబాద్‌ల మెడికల్. ఆడ రక్తం తీస్తరు, కండ్లు చూస్తరు, ఛాతీకి ఫోటో తీస్తరు. రక్తానికి భయం లేదు, కండ్లకు భయం లేదు. భయమంత ఆ ఛాతీ ఫోటోకే.

ఎందుకంటె యాసీన్ పద్దెనిమిదేండ్ల సంది బండల పనిల ఉన్నడు. తాండూరుల బండల పని చెయ్యని ఇల్లు వెతకాలె. గనులకెళ్ళి లారీల మీద వచ్చిన నాపరాళ్ళను ఒకరు కోస్తరు, ఒకరు మిషన్ కింద పెట్టి నున్నగ చేస్తరు. యాసీన్‌ది అంచుల పని. చేతుల గ్రైండర్ పట్టుకొని బండ అంచును గుండ్రంగ అరగదియ్యాలె. మిషన్ కింద నీళ్ళు పోస్తరు గనుక దుమ్ము లేవది, బురదైతది. అంచు పనికి నీళ్ళుండయ్. సాయంత్రం బయటికొస్తుంటె పిండిగిర్నిల పడి లేచినట్టుంటడు మనిషి. కనుబొమ్మలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగ. పెండ్లయిన కొత్తల అస్మా అది చూసి నవ్వేది. ఆమెది మోమిన్‌పేట్, మక్కచేన్ల నడుమ పెరిగిన పిల్ల, బండల సంగతి ఆమెకేం ఎరుక? నీ కొడుకు ముసలోడై వచ్చిండు అమ్మీ అని అత్తకు చెప్పేది. అత్త చాంద్‌బీ గూడ కొంగు నోటికి పెట్టుకొని నవ్వేది. ఇప్పుడు ఇద్దరు నవ్వరు.

పోయిన వానకాలం సంది యాసీన్‌కు దగ్గు. ఇంట్ల ఎవ్వరు దాన్ని దగ్గు అనరు. గొంతు సాఫ్ చేసుకుంటుండు అంటరు. పొద్దుగాల పావుగంట సాఫ్ చేసుకుంటడు, గోడ పట్టుకొని సాఫ్ చేసుకుంటడు, కండ్లకెళ్ళి నీళ్ళు కారంగ సాఫ్ చేసుకుంటడు. తొమ్మిదేండ్ల బిడ్డ ముబష్షిరా సుత వాకిట్లకు ఎవరొచ్చినా, మా అబ్బా గొంతు సాఫ్ చేసుకుంటుండు అని చెప్తది. అడగకున్నా చెప్తది.

దమ్మాం సంగతి తెచ్చింది అస్మా అన్న కరీముద్దీన్. ఆయన పదకొండేండ్ల సంది ఆడ ఒక బడికి బస్సు నడుపుతుండు. పోయిన రంజాన్ పండుగకు చెల్లెను చూడ వచ్చి, పగటిపూట బావ కునుకు తీస్తుంటె పక్కన కూసొని ఆ ఊపిరి విన్నడు. చాయ్ తాగి పోయిండు. నెల తిరిగినంక ఫోన్ చేసి, మా బడి గేటుకాడికి ఒక మనిషి కావాల్నట, మా కఫీల్‌కు బావ పేరు ఇచ్చిన అన్నడు. కఫీల్ అంటె ఆడ పని ఇచ్చే సేటు. ఒక ఫోటో గూడ పంపిండు. గేటు పక్కన అద్దాల అర్ర, అర్రల నీలిరంగు కుర్చీ, కుర్చీ నెత్తి మీద ఏసీ. గంతే. మనిషి లేడు దాంట్ల. కుర్చీ ఖాళీగ ఉన్నది.

ఏం పని చెయ్యాలె అని యాసీన్ అడిగితె, కూసోవాలె అన్నడట కరీముద్దీన్.

యాసీన్ ఆ ఫోటో చూపియ్యని మనిషి లేడు తాండూరుల. తను పనిచేసే పాలిష్ యూనిట్‌ల బండలు లెక్కపెట్టే దేవప్పకైతె దినాం చూపిచ్చేటోడు. దేవప్పది సేడం దిక్కు, తెలుగు మాట్లాడితె సగం కన్నడం కలుస్తది. ఆయన గూడ ఒకనాడు అంచులు కొట్టినోడే. ఊపిరి అందక పనికి రాకుండ అయితె సేటు దయతలచి బలపం చేతికిచ్చి లెక్కలకు పెట్టిండు. నడవనీకి తిప్పలు గని నోటికి తిప్పల్లేదు ముసలాయనకు.

"కూసుంటెనే జీతమిస్తరంటివి. పండుకుంటె ఇంకింత ఎక్కువిస్తరేమో అడుగు తమ్మీ" అన్నడు ఫోటో చూసి. మల్లా తనే, "నీ చెయ్యి ఊకుంటదా? అరబ్బోళ్ళ ఒంటె కనవడితె దాని మూపురానికి గూడ అంచులు కొడతవ్" అన్నడు. అందరు నవ్విండ్రు. యాసీన్ గూడ నవ్విండు. నవ్వు దగ్గయింది. అందరు బండల దిక్కు చూసిండ్రు.

బెల్లం సంగతి చెప్పింది గూడ దేవప్పనే. చెప్పుడేంది, బండల పని చేసెటోళ్ళందరికి అది ఎరుకైన ముచ్చటే. దుమ్ముల దిగినోడు బెల్లం తినాలె. పీట మీద రాలిన పిండిని పిండిముద్దతోనే అద్ది తీసినట్టు, బెల్లం గొంతుల జారుకుంట పోయి దుమ్మును అంటించుకొని కిందికి తీస్కపోతది. శనివారం శనివారం సేటు మనిషికింత బెల్లం పంచుతడు. యాసీన్ పద్దెనిమిదేండ్లు తిన్నడు. మరి అంత తిన్నా ఈ గొంతు సాఫ్ చేసుకునుడేంది అంటె, చాలలే అన్నమాట. అస్మాకు గట్ల సమజైంది. దర్గాకాడ మొక్కుకున్నోళ్ళు నలభై రోజులు పడతరు గద, గట్లనే నలభై రోజులు దినాం రెండు పూటల బెల్లం పడితె, పద్దెనిమిదేండ్లది మొత్తం దిగుతది. జహీరాబాద్ దిక్కు నల్లబెల్లం మంచిదని ఎవరో అంటె మనిషిని పంపి తెప్పిచ్చింది. గోడ మీది క్యాలెండర్‌ల ఒక్కొక్క రోజు కొట్టేసుకుంట వచ్చింది.

పని బంద్ చెయ్యుమంటె మాత్రం ఆయన ఇనలే. మెడికల్ దాక చేస్త, ఇంట్ల కూసుంటె ఎట్ల గడుస్తది అన్నడు. అస్మా ఆయన ముక్కుకు తడిబట్ట కట్టి పంపేది. దినాం పొద్దుగాల బెల్లం తిని దుమ్ముల దిగుతడు, సాయంత్రం దుమ్ముల నుంచి లేచి బెల్లం తింటడు.

మిగిలిన తయ్యారీలు మస్తు సంబురంగ నడిచినయ్. పాస్‌పోర్ట్ వచ్చిన నాడు చాంద్‌బీ దాన్ని కండ్లకు అద్దుకొని ఖురాన్ పెట్టే గోడగూట్ల పెట్టింది. బజార్ల చక్రాల సూట్‌కేస్ కొన్నరు. ముబష్షిరా దాన్ని గల్లీల గుంజుకుంట తిరిగి ఒక చక్రం వంకర చేసింది, వీపుల రెండు తిన్నది. చాంద్‌బీ తాండూరు కందిపప్పు ఏంచి పొడి కొట్టింది. అరబ్బోళ్ళ అన్నం చప్పగుంటదని నిమ్మకాయ తొక్కు పెట్టింది. అస్మా రెండు పైజామాలు కుట్టింది, నడుము కాడ లోపటి దిక్కు జేబులు పెట్టింది. కావలి కుర్చీల కూసునెటోనికి నల్లబూట్లు కావాలని కరీముద్దీన్ అంటె అవి గూడ తెచ్చిండ్రు. యాసీన్ వాటిని తొడుక్కొని అర్రల ఇటు నుంచి అటు నడిచి, తాండూరు బండ మీద బూట్లు మంచిగ చప్పుడైతున్నయ్ అన్నడు.

నలభై అయినంక తెల్లారి హైదరాబాద్ బండెక్కాలె. గడప దాటే ముంగట చాంద్‌బీ కొడుకు కుడిచేతి దండకు ఇమామ్ జామిన్ కట్టింది. ఆకుపచ్చ బట్టల రూపాయి బిళ్ళ మడిచి కడతరు అది. దూరం పోయెటోళ్ళను ఇమామ్ కాపాడతడని. సుఖంగ చేరినంక విప్పి ఆ పైక ఫకీరుకు ఇచ్చెయ్యాలె. అస్మా మొత్తుకున్నది, ఇప్పుడు గాదు అమ్మీ, విమానం ఎక్కే నాడు కట్టాలె అని. హైదరాబాద్ దూరం గాదా ఏంది, ఇదే అసలు ప్రయాణం అన్నది ముసలామె. ఆమె మాట తప్పేం గాదు. అసలు ప్రయాణం అదే.

వికారాబాద్‌ల మల్లేశ్వర్ బండెక్కిండు. స్టేషన్ ముంగట ఆయనకు చిన్న దుకాణం, గల్ఫ్ పొయ్యెటోళ్ళ కాగితాల పని చేస్తడు. మోసగాడు గాదు, పదిమందిని పంపిండు, పదిమంది ఆడ పనిల ఉన్నరు. మెడికల్ కాడ అస్మాను బయట బెంచీ మీద కూసోవెట్టిండ్రు. యాసీన్ గంటకు బయటికొచ్చిండు. అంగీ గుండీలు ఒకటి కిందికి ఒకటి మీదికి పెట్టుకున్నడు. చేతి దండకు ఇమామ్ జామిన్ లేదు.

ఏదది అంటె, ఫోటో తీసెటప్పుడు విప్పుమన్నరు, జేబుల ఉన్నది అన్నడు. ఇంకేమన్నరు అంటె, ఊపిరి గట్టిగ పీల్చి పట్టుకొమ్మన్నరు అన్నడు. పట్టుకున్నవా అంటె గుండీలు విప్పి సక్కగ పెట్టుకుంట, "మూడుసార్లు తీసిండ్రు అస్మా. రెండుసార్లు పట్టుకోలేకపోయిన" అన్నడు.

మూడోనాడు మల్లేశ్వర్ ఫోన్ చేసిండు. ఒకసారి వికారాబాద్ రాండ్రి అన్నడు, ఏమైందో చెప్పలే. మంచిదైతె ఫోన్లనే చెప్తడు గద. అస్మాకు ఎరుకే, యాసీన్‌కు ఎరుకే, ఇద్దరు బండిల ఎదురుబొదురు కూసొని కిటికీల నుంచి కందిచేన్లు చూసుకుంట పోయిండ్రు.

మల్లేశ్వర్ ముందుగాల చాయ్ తెప్పిచ్చిండు. అన్‌ఫిట్ అని వచ్చింది అన్నడు. రెండు రాసిండ్రట. ఒకటి రక్తంల చక్కెర ఎక్కువున్నది. రెండోది ఛాతీ.

ఏం చెప్పాలె, ఆ చక్కెర మాట ఇనంగనే అస్మా మొఖం ఎలిగిపోయింది. తప్పు నాది అన్నా, ఆయనది గాదు, నలభై రోజులు నేనే తినవెట్టిన, కుప్పలు కుప్పలు పెట్టిన, మానేస్త, ఈ నాటి నుంచే మానేస్త, చాయ్‌ల గూడ చక్కెరెయ్య, నెల ఆగి మల్లొకసారి రక్తం చూడుమని చెప్పు అని ఒక్కటే తీరుగ చెప్పవట్టింది. అన్ని రోజులు ఎవరి తప్పని వెతుక్కున్నదో ఏమో, తన తప్పు దొరికితె గంత సంబురపడ్డది. తన తప్పైతె తను సవరించుకోవచ్చు గద. ఛాతీ మాట ఆమె ఎత్తలే. మల్లేశ్వర్ చాయ్ గ్లాసు ఆమె దిక్కు జరిపిండు.

"చెల్లె, చక్కెరది ఎట్లన్న చేద్దుము. ఛాతీది నా చేతుల లేదు" అన్నడు. ఒక దేశంల కాదంటె అన్ని గల్ఫ్ దేశాల కంప్యూటర్లల పడ్డట్టే, ఇంకో దిక్కు పోవుడు గూడ కాదు అని చెప్పిండు. అయితె ఒక మాట. అనంతగిరి గుట్ట మీద ఛాతీ దవాఖాన ఉన్నది. ఆడ చూపియ్యిండ్రి. టీబీ అని తేలితె ఆరు నెలల మందులున్నయ్, తగ్గుతది. తగ్గినంక కాగితం తెస్తె అడిగి చూస్త, మాట మాత్రం ఇయ్యను అన్నడు.

ఆ మాట పట్టుకొని అదే నాడు ఆటోల గుట్ట ఎక్కిండ్రు. పద్మనాభస్వామి గుడికి పోయెటోళ్ళు కొందరు, ఫోటోలు దిగవచ్చిన హైదరాబాద్ పిల్లలు కొందరు, దారంత మోటార్‌సైకిళ్ళు. చెట్ల నీడకు రాంగనే యాసీన్ ఆటో బయటికి మొఖం పెట్టి, గాలి మంచిగున్నది అస్మా అన్నడు. దవాఖానల మల్లా ఫోటో తీసిండ్రు, తెమడ డబ్బీల పట్టించుకున్నరు, వారానికి రమ్మన్నరు.

ఆ వారం అస్మా ఏం దువా చేసిందో ఎవ్వరికి చెప్పలే. అయిదు పూటల నమాజ్‌కు పరిచిన జానిమాజ్ మీద కూసొని చేతులు చాపి, యా అల్లా, టీబీ అని రాయి, టీబీ ఒక్కటే ఉండాలె అని అడిగింది. మొగనికి రోగమియ్యుమని అడిగే ఆడది ఈ లోకంల ఉంటదా అని తనకే సిగ్గనిపిచ్చేది. అయినా అడిగేది. చాంద్‌బీ ఒకనాడు ఆమె ఏడుస్తుంటె చూసి, ఏం అడుగుతున్నవ్ బేటా అన్నది. ఆరోగ్యం అమ్మీ అన్నది అస్మా. ఒక తీర్గ నిజమే చెప్పింది.

వారానికి గుట్ట మీద వరండాల వీళ్ళ ముంగట ఒక మర్పల్లి ఆమె, రెబెక్క అని, కొడుకుకు టీబీ అని తేలిందని వలవల ఏడుస్తున్నది. అస్మా ఆమెను ఓదార్చలే. కుళ్ళుకున్నది. లోపట జ్యోతిరాణి అని డాక్టరమ్మ, వయసు చిన్నదే, నిమ్మలంగ మాట్లాడే మనిషి, కాగితం చూసి టీబీ లేదమ్మా అన్నది. ఎవరన్న ఆ మాటకు దేవునికి దండం పెడతరు. అస్మా కుర్చీల వెనుకకు ఒరిగింది. సక్కగ చూసిండ్రా మేడం, జర మల్లొకసారి చూడుండ్రి అన్నది. డాక్టరమ్మకు సమజుగాలే. సమజైనంక కలం పక్కన పెట్టింది.

అప్పుడు ఫోటో వెలుగుకు పెట్టి చూపిచ్చింది. రెండు దిక్కుల తెల్లతెల్లగ చుక్కలు, సున్నం చిలకరిచ్చినట్టు. ఇది బండల దుమ్ము, లోపట గడ్డకట్టింది, దీన్ని బయటికి తీసే మందు లేదు అన్నది. దుమ్ముల దిగుడు ఈ నాటికే బంద్ కావాలె, ఇంకా దిగితె తొందరగ ముదురుతది. బంద్ చేసినా ఉన్నది పోదు. యాసీన్ తల ఊపిండు. బండ కొలతలు చెప్తె ఊపినట్టే ఊపిండు.

అస్మా ఒక్కటే అడిగింది. "మరి బెల్లం తింటె దిగుతదంటరు గద మేడం?"

డాక్టరమ్మ నవ్వలే. ఛాతీ మీద వేలు పెట్టి చూపిచ్చింది. "తిన్నది కడుపుల పోతది అమ్మా. దుమ్ము ఊపిరి దారిల పోయింది. ఆ దారి వేరు, ఈ దారి వేరు. రెండు ఏడ గూడ కలవయ్."

ఎన్ని రోజులు ఉంటడు అని యాసీన్ బయటికి నడిచినంక అస్మా వెనుకకు మర్లి అడిగింది. చెప్పలేం, మంచిగ చూసుకుంటె మూడేండ్లు, నాలుగేండ్లు, ఎక్కువ గూడ కావచ్చు, తక్కువ గూడ కావచ్చు అన్నది ఆమె.

కిందికి దిగి మల్లేశ్వర్ దుకాణానికి పోయిండ్రు, చెప్పి పోదామని. ఆయనకు మొఖాలు చూడంగనే తెలిసింది. కరీముద్దీన్ పొద్దున ఫోన్ చేసిండట. కఫీల్ ఆగడట, కావలి పనికి బిహార్ మనిషిని పెట్టుకున్నడట. మల్లేశ్వర్ బల్ల మీది కాగితాలు ఇటువి అటు, అటువి ఇటు సదిరిండు. చెప్పాల్నా వద్దా అన్నట్టు యాసీన్ దిక్కు ఒకసారి చూసి, అస్మాతోని అన్నడు.

"అదే బడిల చిన్నపిల్లలను చూసుకునే ఆయమ్మ పని ఖాళీ ఉన్నదట చెల్లె. రెండేండ్ల కాంట్రాక్ట్, నడుమ రానియ్యరు. మీ అన్న అక్కడనే ఉంటడు గనుక భయం లేదు. పది రోజుల లోపట పేరియ్యాల్నట. నీకు పాస్‌పోర్ట్ ఉన్నదా?"

లేదు అన్నది అస్మా. తొందరగ వచ్చేటట్టు చూద్దుము అన్నడు ఆయన. ఇద్దరు చాయ్ వద్దని లేచిండ్రు.

సాయంత్రం ప్యాసింజర్‌ల జాగ దొరికింది. ధారూరు దాటేదాంక అస్మా మనసుల ఏండ్లు కూడుకున్నది, తీసేసింది. తను పోతె రెండేండ్లు. డాక్టరమ్మ చెప్పింది మూడు, తక్కువ గూడ కావచ్చు. తను పోకుంటె ఈయన సోమవారం మల్లా గ్రైండర్ పడతడు, వద్దన్నా ఇనడు, ఇంట్ల నలుగురు తినాలె. లెక్కల బలపం దేవప్ప చేతుల ఉన్నది, ఒక యూనిట్‌కు ఒక్కటే బలపం. పోతె ఈయన పక్కన తను ఉండది. ఉంటె ఈయనే ఉండడు. ఎటు నుంచి కూడుకొచ్చినా ఆడనే ఆగుతున్నది.

యాసీన్ కిటికీ దిక్కు చూసుకుంటనే అన్నడు. "నువ్వు పో."

"పిల్ల?"

"అమ్మీ ఉన్నది. నేనున్న. ఇంట్లనే ఉంట. జడ వేసుడు నేర్చుకుంట."

"గ్రైండర్ పట్టనని ఒట్టెయ్యి."

"పట్టను."

బండి ఊగుకుంట పోతున్నది. ఎదురు సీట్ల ఎవరో కన్నడంల ఫోన్ మాట్లాడుతున్నరు, పెండ్లి సామాన్ల గురించి. అస్మా చెయ్యి ఆయన మోకాలు మీద పెట్టింది.

"నేనొచ్చేదాంక ఉంటవా?" అన్నది.

ఆయన అబద్ధమాడుడు చాతగాని మనిషి మొదటి నుంచి. "కోషిష్ చేస్త" అన్నడు.

తాండూరుల దిగినంక పట్టాలు దాటనీకి పైవంతెన ఎక్కాలె. దిగినోళ్ళందరు గబగబ ఎక్కి పోయిండ్రు. పది మెట్లెక్కంగనే ఆయన ఊపిరి అస్మాకు ఇనవడ్డది. ఆగుమంటె ఆగడు, ఆమెకు ఎరుకే. అందుకని తనే ఆగి, చెప్పు ఊసిపోయిందని వంగింది. ఊసిపోని చెప్పును చేతులతోని ఇటు అటు సదురుకుంట, మీద ఆయన ఊపిరి నిమ్మలమయ్యేదాంక గట్లనే వంగి ఉన్నది. మల్లా పది మెట్లెక్కిండ్రు. మల్లా చెప్పు ఊసిపోయింది.